మునిసిపల్ నీలం

పాలగుంట మునిసిపల్ కమిషనర్ దివాకరప్రసాదరావు గారు శిక్షణకి వెళ్ళొచ్చారంటే ఊరికి ఏదో ఒకటి మూడినట్టే. ఒకసారి వెళ్ళి నవ్వుల యోగం పట్టుకొచ్చారు. పన్ను కట్టడానికొచ్చిన జనం ముందు ఆఫీసంతా వరసగా నిలబడి, చేతులు పైకెత్తి హహహా అని నవ్వితే, తమని చూసే నవ్వుతున్నారనుకుని జనం కౌంటరు అద్దం పగలగొట్టారు. ఈసారి ఏదో కొండమీది చల్లటి ఊళ్ళో ఆరోగ్య శిక్షణ ముగించుకుని, జేబులో రెండు వెండి తీగెలతో దిగారు.

దిగగానే సిబ్బందినంతా సమావేశ మందిరంలో కూర్చోబెట్టి, గాజు గ్లాసు తెమ్మని అటెండరు మస్తానయ్యని పురమాయించారు. ఈ మస్తానయ్య జుట్టు నల్లగా ఉన్నప్పుడు కాంట్రాక్టు మీద చేరి, నెరిసినా అదే కాంట్రాక్టు మీద ఉన్నవాడు. నిన్ను పర్మనెంటు చేస్తానని వచ్చిన ప్రతి కమిషనరూ చెప్పాడు, చెప్పి బదిలీ అయిపోయాడు. ఆ ఆఫీసులో పర్మనెంటుగా నిలిచింది ఆ మాట ఒక్కటే. పగలు ఫైళ్ళు మోస్తాడు. పద్యనాటకాలు ఆడే రోజుల్లో స్టేజీ వెనక కూర్చుని నటుల ముఖాలకి రంగులేస్తాడు.

గ్లాసు రాగానే కమిషనర్ గారు బ్యాటరీలు మూడు ఒకదానికొకటి తగిలించి, తీగెలు రెండూ నీళ్ళలోకి దింపారు.

"మిత్రులారా! దీన్ని వెండి నీరంటారు. జలుబు దగ్గర్నుంచి జ్వరాల దాకా సమస్త రోగాలకూ సింహస్వప్నం. ఎవరికి వారు ఇంట్లో తయారు చేసుకోవచ్చు. అనుమానం అక్కర్లేదు. చిన్నప్పుడు మీ అమ్మ మీకు వెండి ఉగ్గుగిన్నెతో ఉగ్గు పట్టలేదా? పట్టింది. మీరు చచ్చారా? చావలేదు. ఇక సందేహమేముంది?"

సందేహం ఎవరికీ లేదు. ఉగ్గు తాగారు గాని గిన్నెని కరగబెట్టి తాగలేదు గదా అని మస్తానయ్యకి నాలుక చివరిదాకా వచ్చింది. కాంట్రాక్టువాడి నాలుక గనక అక్కడే ఆగింది.

నిజానికి ఆ నీళ్ళు శుద్ధమైనవైతే అందులో కరెంటు పారదట, వెండి దిగాలంటే గంటలు పడుతుందట. కమిషనర్ గారికి అంత ఓపిక లేదు. కుళాయి నీళ్ళు పట్టమన్నారు. పాలగుంట కుళాయి నీళ్ళంటే ఆషామాషీవి కావు. వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బిందె అడుగున సున్నం పేరుకుంటుంది. ఆ ఉప్పునీళ్ళలో తీగెలు పడీ పడగానే బుసబుసమని పొగలాగా తెల్లటి మడ్డి దిగింది.

"చూశారా మన మునిసిపల్ నీటి మహిమ! ఇతర పట్టణాల్లో గంటలు పట్టే పని మనకి క్షణాల్లో!" అన్నారు కమిషనర్ గారు.

మందిరమంతా చప్పట్లు కొట్టింది. కుళాయి నీళ్ళని ఒకరు మెచ్చుకోవడం ఆ ఊళ్ళో అదే మొదలు.

మర్నాడే 'ఇంటింటా వెండి నీరు' పథకం మొదలైంది. బ్యాటరీలు ఆఫీసువారివి, వెండి ఎవరిది వారిది. మగవాళ్ళు ఇళ్ళకి పోయి భార్యల కాళ్ళమీద పడ్డారు. భక్తితో కాదు, పట్టీల కోసం. మస్తానయ్య భార్య సామ్రాజ్యం మునిసిపల్ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె పాత పట్టీ ఒకటి తీసి మొగుడి మీదికి విసిరింది.

"రెండోది కూడా ఇవ్వవే, రెండు కావాలంటన్నారు."

"కాలికున్నది ఉంటే ఉంది, లేకపోతే నువ్వే తొడుక్కుని ఆఫీసుకి పో. మీ సార్ ఇంకా సంతోషిస్తాడు."

మొదట్లో మస్తానయ్యా తాగాడు. పర్మనెంటు మీద ఆశ పడ్డవాడికి నీళ్ళమీద అనుమానమెందుకు? నోట్లో తగరం నాకినట్టుండేది. అయినా రోజూ గ్లాసెత్తి, కమిషనర్ గారి గది వైపు తిరిగి తాగేవాడు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ సామ్రాజ్యం గరిటె ఆపింది.

"ఏమయ్యా, నీ గోళ్ళేంది అట్టా ఉన్నయ్? దెబ్బ తగిలిందా?"

గోళ్ళ మొదట్లో తెల్లటి అర్ధచంద్రాలుండే చోట నీలంగా కమిలినట్టుంది. పది వేళ్ళకీ ఒకేసారి దెబ్బ తగలదు గదా. సామ్రాజ్యం రెక్క పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. చర్మం డాక్టరమ్మ గోళ్ళు చూసింది, పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, కథంతా విని కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"పాత రోజుల ఫోటో కాగితం తెలుసా? వెలుతురు తగిలితే నల్లబడేది. అందులో ఉండేదీ వెండే. మీరు ఆ నీళ్ళు తాగుతా ఉంటే వెండి పోయి చర్మం కింద కూర్చుంటుంది. ఎండ తగిలినచోట నీలంగా, బూడిదగా తేల్తుంది. మీ చర్మం ఇప్పుడు ఆ కాగితం."

"ఎప్పటికి పోద్ది డాక్టరమ్మా?"

"పోదు."

"మాత్రలేమన్నా..."

"మాత్రల్లేవు. గోళ్ళతోనే పోయిందని సంతోషించి ఇవాళే మానెయ్యండి. ఇంట్లో చేసుకునే నీళ్ళకి ఓ కొలత ఉండదు, పాడు ఉండదు. అందులోనూ ఉప్పునీళ్ళు! పోనీ ఏదన్నా రోగం తగ్గుద్దా అంటే ఒక్కటీ తగ్గదు."

"మా సార్ వేయించిన పోస్టర్లో అన్నీ తగ్గుతయ్యని ఉందమ్మా."

"అయితే ఆ పోస్టరు నానబెట్టుకుని తాగండి."

మస్తానయ్య ఆ రోజు నుంచి గ్లాసు నీళ్ళు కమిషనర్ గారి గది బయటి క్రోటన్ కుండీలో పోయడం మొదలుపెట్టాడు. ఆ క్రోటన్ త్వరలోనే ఎండిపోయింది. మునిసిపల్ మొక్క గనక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అందరికంటే ముందు రంగు తిరిగినవాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ గోవర్ధనరావు. కమిషనర్ గారు గ్లాసు తాగమంటే ఆయన జగ్గు తాగే రకం. ఒక సోమవారం పొద్దున ఆయన ఆఫీసు గుమ్మంలో నిలబడితే, తడి పలకకి చొక్కా తొడిగినట్టున్నాడు. టైపిస్టు కెవ్వుమంది. ఆ కేకకి గదిలోంచి బయటికొచ్చిన కమిషనర్ గారిని చూసి ఇంకోసారి కెవ్వుమంది.

కమిషనర్ గారు గదిలోకి పోయి తలుపేసుకున్నారు. లోపల్నుంచి అద్దం బోర్లించిన చప్పుడైంది. పొరపాటైందని ఒప్పుకునే మనిషైతే ఆ తలుపు తీసి ఆసుపత్రికి పోయేవాడు. ఆయన అధికారి. మధ్యాహ్నం తలుపు సందులోంచి సర్క్యులర్ బయటికొచ్చింది.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, వెండి నీరు సేవించిన వారి ముఖములందు గోచరించుచున్న నీలి ఛాయ వ్యాధి కాదనియు, పథకము సక్రమముగా అమలగుచున్నదనుటకు నిదర్శనమనియు గ్రహించవలెను. ఓటు వేసిన వేలికి సిరా గుర్తు ఎట్లో, నీరు త్రాగిన ముఖమునకు ఈ గుర్తు అట్లు. గుర్తు లేని వారు నీరు త్రాగని వారుగా పరిగణింపబడుదురు.'

ఎన్నికల డ్యూటీల్లో వేళ్ళకి సిరా పూసీ పూసీ అలవాటైన సిబ్బందికి ఈ తర్కం ఇట్టే ఎక్కింది. వేలికి లేని బాధ ముఖానికెందుకు? కాకపోతే వేలి సిరా గోరు పెరిగితే పోతుంది. ముఖం పెరిగి రాలిపోయేది కాదన్న సంగతి సర్క్యులర్లో లేదు, గనక ఎవరూ ఆలోచించలేదు.

గుర్తన్న తరవాత దానికో కొలత ఉండాలి. గోవర్ధనరావు పోయి రంగుల కొట్లో గోడ రంగుల షేడ్ కార్డు తెచ్చాడు. సోమవారం సోమవారం ఒక్కొక్కరి చెంపకీ ఆ కార్డు ఆనించి, కిటికీ వెలుతుర్లో చూసి, గట్టిగా చదివేవాడు.

"అకౌంటెంటు గారు, స్టీల్ గ్రే. బాగుంది. టౌన్ ప్లానింగ్, మాన్సూన్ క్లౌడ్. ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి. టైపిస్టు గారు... అమ్మా, మీరు ఇంకా శాండల్ బ్రౌన్ లోనే ఉన్నారు. ఇట్టాగైతే ఇంక్రిమెంటు కష్టం."

పై వరసల్లో గోధుమ, చామన, గంధం రంగులుండటం వల్ల జనం అక్కడ ఆగిపోతున్నారని కమిషనర్ గారికి తోచింది. పథకం నూటికి నూరు పాళ్ళు అమలయ్యాక ఆ రంగులతో పనేముంది? కార్డు మస్తానయ్య చేతికిచ్చి, పై వరసలు కత్తిరించి పారెయ్యమన్నారు. మస్తానయ్య కత్తెర తెచ్చి, మనుషుల రంగులన్నీ కత్తిరించి, ముక్కలు చెత్తబుట్టలో వేశాడు. చేతులు కడుక్కుంటుంటే ఎందుకో తన గోళ్ళవంక చూసుకోబుద్ధి కాలేదు.

అంతలో పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. పొద్దస్తమానం ఎండలో రోడ్లూడ్చే ఏసోబు, వాడితోటి పారిశుద్ధ్య కార్మికులూ అందరికంటే ముదురు నీలంలోకి పోయారు. కార్డు ఆనిస్తే ఏసోబుది అట్టడుగున ఉన్న మిడ్‌నైట్ బ్లూ. ఫ్యాను కింద కూర్చునే కమిషనర్ గారు ఇంకా స్లేట్ గ్రే దగ్గరే ఉన్నారు. చీపురు పట్టేవాడు కమిషనర్‌ని మించిపోతే పరిపాలన ఏం కావాలి? వెంటనే మెమో వెళ్ళింది: 'కింది స్థాయి సిబ్బంది తమ హోదాకు మించిన ఛాయను పొందరాదు.'

"ఛాయ తగ్గించమంటే ఎట్టా తగ్గించేదయ్యా మస్తానయ్యా? నేను గొడుగు పట్టుకుని ఊడవాలా?" అన్నాడు ఏసోబు, మెమో కాగితం అటూ ఇటూ తిప్పుతూ.

"నీళ్ళు మానెయ్యి ఏసోబన్నా. డాక్టరమ్మ చెప్పింది, అది ఇంక పోదంట."

"ఇప్పుడు మానితే ఏం, మానకపోతే ఏం." ఏసోబు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మొన్న మనవరాల్ని ముద్దు పెట్టుకుందామని వంగా. గుక్కపట్టి ఏడ్చింది. అప్పటినుంచి నా కూతురు పాపని నా దగ్గరికి తీసుకురావటంలా. వాకిట్లో నిలబడి మాట్లాడి పోతంది."

కార్మికుల ఛాయ తగ్గే వీల్లేదని తేలాక, అధికారులే పెంచుకోవలసి వచ్చింది. పదకొండయ్యేసరికి కమిషనర్ గారు, ఇంజినీరు గారు, రెవిన్యూ ఆఫీసరు గారు కుర్చీలు వేయించుకుని మేడమీద ఎర్రటి ఎండలో కూర్చునేవారు. సీనియారిటీ ప్రకారం కుర్చీలు, నీడపట్టున జూనియర్లు. కింద జనం ఇళ్ళ ప్లాన్ల కోసం, చావు పుట్టుకల సర్టిఫికెట్ల కోసం క్యూలో ఉంటే, పైనుంచి సంతకాలు చెమటతో తడిసి వచ్చేవి. మస్తానయ్య మజ్జిగ మోస్తూ మెట్లెక్కలేక చచ్చేవాడు.

ఇక మస్తానయ్య ముఖం సంగతి. పక్కవాళ్ళంతా స్లేటు రంగులోకి పోతుంటే అతనొక్కడే చింతపండు రంగులో మిగిలితే గోవర్ధనరావు ఊరుకుంటాడా? ఒక సోమవారం కార్డు ఆనించి, అప్పటికే పై వరసలు కత్తిరించి ఉండటంతో ఏ రంగూ కలవక, "నువ్వు కార్డులోనే లేవయ్యా! లేనివాడికి పర్మనెంటు ఎక్కడ?" అని కసిరాడు.

ఆ రోజు ఇంటికి పోయి మస్తానయ్య అటకమీంచి రేకు పెట్టె దించాడు. బట్టలకి పెట్టే నీలిమందు, జింకు పొడి, చిటికెడు కాటుక, కొబ్బరినూనె. ఎందరు నటుల్ని కృష్ణుళ్ళని చేసిన చెయ్యి అది! ఓ నీలం ముఖం దిద్దటం ఎంతసేపు? మెడా చెవులూ కూడా మరవకుండా పూసి, అద్దంలో చూసుకున్నాడు.

సామ్రాజ్యం వంటింట్లోంచి వచ్చి చూసి గుండెలమీద చెయ్యేసుకుంది. తరవాత నవ్వింది. తరవాత తిట్టింది.

"ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకి వేషాలేశావ్. ఇంక నీకే ఏసుకుంటన్నావా?"

"ఆఫీసులో వేషం ఎయ్యకుండా ఉన్నవాడు ఎవడో చూపించు. మనది కడిగితే పోద్ది. అంతే తేడా."

తరవాతి సోమవారం గోవర్ధనరావు కార్డు ఆనించి నోరు తెరిచాడు. మిగతావాళ్ళ ముఖాల మీద నీలం అక్కడక్కడా మరకలుగా, కళ్ళకింద మడ్డిగా ఉంటుంది. మస్తానయ్యది చెంప చెంపా సమంగా, గోడకి రెండు కోట్లు కొట్టినట్టుంది. కమిషనర్ గారు స్వయంగా వచ్చి చూశారు. "ఇంత క్రమశిక్షణ గల ఛాయ మన సంస్థలో ఇదే మొదలు" అన్నారు. రెండో రోజుకల్లా బస్టాండు దగ్గర మస్తానయ్య నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. 'వెండి నీరు తాగుదాం, మస్తానయ్యలా వెలుగుదాం.' దాని కింద నిలబడి ఆటోవాళ్ళు బీడీలు కాల్చుకునేవాళ్ళు.

ఆ వెలుగే కొంప ముంచింది. జిల్లా సమావేశానికి కమిషనర్ గారు నీలి ముఖంతో వెళ్ళి, 'ఈ పథకాన్ని బడిపిల్లలకు విస్తరించాలి, మధ్యాహ్న భోజనంతోపాటు గ్లాసుడు పొయ్యాలి' అని ప్రతిపాదించారు. ఆయన ముఖం చూసిన పెద్ద అధికారులు మొదట కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. తరవాత ప్రతిపాదన బాగుందన్నారు. తరవాత ఎవరో, "పిల్లలకీ ఇట్లాగే అవుతుందా?" అని అడిగారు. దాంతో కమిటీ వేశారు. వెండి నీటి మంచిచెడ్డలు కమిటీ పరిధిలో లేవు. రంగు తాత్కాలికమా, శాశ్వతమా అన్నది ఒక్కటే తేల్చాలి. తాత్కాలికమైతే జిల్లాలోని బడులన్నిటిలో పోస్తారు.

ఆ కబురు బడికి ముందే చేరింది. సాయంత్రం సామ్రాజ్యం వచ్చి గరిటె గూట్లో పెట్టి, గడపమీద కూలబడింది.

"బ్యాటరీలు, తీగెలు బళ్ళోకి పంపించారు. సాంబారు పోసినాక గ్లాసుడు ఇది కూడా నేనే పొయ్యాలంట. నా చేత్తో." చెయ్యి చూపించింది. "ఒకటో తరగతి పిల్లకాయలు, ఏం పోసినా తాగేస్తారు. నేను పొయ్యనయ్యా. వేరేవాళ్ళని పెట్టి పోయిస్తారు, అదీ తెలుసు."

మస్తానయ్య ముఖం మీది రంగు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు.

మర్నాడు మేడమీద కమిషనర్ గారికి మజ్జిగ అందిస్తుంటే మస్తానయ్య గడ్డం మీంచి చెమట బొట్టు జారి ఫైలు మీద పడింది. నీలం బొట్టు. కమిషనర్ గారు దాన్ని వేలితో రాశారు. వాసన చూశారు.

"కొబ్బరినూనె!"

మస్తానయ్య గ్లాసు కింద పెట్టి కాళ్ళు పట్టుకోబోయాడు. ఆయన లేచి, అతన్ని భుజం పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకుపోయారు. తిట్టలేదు. పలక లాంటి ఆ ముఖం ఎంతవరకు వెలగగలదో అంతవరకూ వెలిగింది.

"నువ్వు మోసం చేశావనుకుంటున్నావా మస్తానయ్యా? కాదు. సంస్థని రక్షించావు. కమిటీ ముందు నీ ఫ్లెక్సీ పెడతాం. పక్కన నిన్ను కడిగిన ముఖంతో నిలబెడతాం. నీళ్ళు మానేశాను, రంగు పోయింది అని ఒక్క ముక్క చెప్పు. అదే చేత్తో నీ పర్మనెంటు ఆర్డరు."

"బడిపిల్లలకి పోస్తారు గదండీ సార్ అప్పుడు?"

"అది విధానపరమైన విషయం. నీ స్థాయిది కాదు."

కమిటీ వచ్చిన రోజు సమావేశ మందిరానికి మామిడాకులు కట్టారు. సభ్యులంతా సీలు తియ్యని నీళ్ళ సీసాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు. అధ్యక్షుడు గారు బంగారు ఫ్రేము కళ్ళద్దాల్లోంచి నీలి సిబ్బందిని ఓసారి కలియజూసి, "కొంచెం వెనక కూర్చోండి, ఫ్యాను గాలి ఆడటం లేదు" అన్నారు. అందరికంటే వెనక గోడవారన ఏసోబు తలమీంచి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. కమిషనర్ గారి చేతిలో టైపు కొట్టిన ఆర్డరు ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నారు.

మస్తానయ్యని పిలిచారు. ఫ్లెక్సీ తెచ్చి పక్కన ఆనించారు.

"ఈ బొమ్మ నీదేనా?" అన్నారు అధ్యక్షుడు గారు.

"నాదేనండి."

"ఈ ముఖం?"

"ఇదీ నాదేనండి."

"నీరు త్రాగుట మానితివి, ఛాయ తొలగెను. అంతియే కదా?"

కమిషనర్ గారు తల ఊపారు. ఆ ఊపు తనకేనని మస్తానయ్యకి తెలుసు. పెన్ను వంక చూశాడు. ఇన్నేళ్ళుగా జుట్టు నెరిసింది ఆ సంతకం కోసమే. కళ్ళు మళ్ళించుకుంటే ఏసోబు తువ్వాలు కనపడింది. తువ్వాలు కింద మనిషి కనపడలేదు.

"అది నీళ్ళవల్ల వచ్చిన రంగు కాదండి. నేను పూసుకున్నానండి. నీలిమందు, జింకు పొడి, కొబ్బరినూనె. నాటకాల్లో ఏసే రంగు. పొద్దున్నే సబ్బుతో కడుక్కుంటే పోయింది."

 కమిషనర్ గారి పెన్ను చొక్కా మీద కారింది. అధ్యక్షుడు గారు శ్రద్ధగా రాసుకున్నారు: 'సబ్బుతో... కడుగగా... తొలగెను.' తల ఎత్తారు.

"ఏం సబ్బు?"

"బట్టల సబ్బండి. కానీ అయ్యా, నాది పైపూతండి. వీళ్ళది లోపలిదండి, వెండి పోయి చర్మం కింద..."

"అడిగినదానికి జవాబు చెప్పు. లోపలా పైనా తేల్చడానికి కమిటీ ఉంది. కమిషనర్ గారూ, సబ్బు తెప్పించండి. ముందు మీతోనే ప్రారంభిద్దాం."

"నాతోనా సార్? నేను గెజిటెడ్..."

"అందుకే మీతో."

వరండా కుళాయి దగ్గర కమిషనర్ గారు చొక్కా విప్పి వంగారు. గోవర్ధనరావు చెంబుతో పోశాడు. ఆ నీళ్ళలో సబ్బు నురగ ఏనాడు వచ్చింది గనక? పెరుగు విరిగినట్టు ముక్కలుగా ముఖానికంటుకుంది. రుద్దారు. అకౌంటెంటు కొబ్బరిపీచు అందించాడు. దానితోనూ రుద్దారు. తోమిన ఇత్తడి బిందెలాగా ముఖం ఇంకా నిగనిగలాడింది, రంగు మాత్రం ఇసుమంత కదల్లేదు. క్యూలో ఉన్న జనం పన్ను కాగితాలు చేత్తో పట్టుకుని చూస్తున్నారు. ఎవరో ఒకామె, "మెడ ఎనకాల రుద్దు నాయనా" అంది జాలిగా.

కమిటీ సాయంత్రానికల్లా తేల్చేసింది.

'నీలి ఛాయ సబ్బుతో తొలగునని ఒక ఉద్యోగి విషయమున రుజువైనది. ఇతరుల విషయమున తొలగలేదు. స్థానిక నీటిలో నురగ రాకపోవుటయే ఇందుకు కారణము కావచ్చును. తగిన సబ్బు లభించువరకు పాఠశాలలకు పథక విస్తరణ వాయిదా వేయడమైనది.'

బళ్ళోంచి బ్యాటరీలు వెనక్కి వచ్చాయి. వెండి చెడ్డదని కాదు, సబ్బు మంచిది దొరకలేదని. సామ్రాజ్యం ఆ పూట పిల్లలకి మజ్జిగ పోసింది. మస్తానయ్య చేతిలో కూడా ఆర్డరు పడింది, సంతకంతో సహా. 'పథకము అమలులో ఉన్న కాలమున సహజ వర్ణమును రహస్యముగా కలిగియుండి సంస్థను మోసగించినందున' ఉద్యోగంలోంచి తొలగించారు.

"అన్నమాట నిలబెట్టుకున్నార్లే," అంది సామ్రాజ్యం, చదివించుకుని విని. "పర్మనెంటుగా ఇంట్లో కూచోబెట్టారు." అని, అన్నం ఎప్పటికంటే ఓ గరిటె ఎక్కువ పెట్టింది.

కొన్నాళ్ళు గడిచాక, మిట్టమధ్యాహ్నం వీధిలో పిట్ట కూడా లేని వేళ, మస్తానయ్య వాకిట్లో స్కూటరాగింది. హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని, చేతులకి గ్లవుజులు తొడుక్కున్న మనిషి లోపలికొచ్చి తలుపు తనే వేశాడు. హెల్మెట్ తీశాడు. కమిషనర్ గారు.

సామ్రాజ్యం కుర్చీ వెయ్యలేదు. ఆయనే పీట లాక్కుని కూర్చున్నారు.

"రేపు మా అమ్మాయికి నిశ్చితార్థం మస్తానయ్యా. అవతలివాళ్ళు నన్ను ఫోటోలోనే చూశారు. పాత ఫోటోలో. మొన్న వీడియోలో మాట్లాడితే, ఆయన కాదు, వేరేవాడెవడో అని ఫోను పెట్టేశారు." గొంతు తగ్గించారు. "నీ చేతిలో విద్య ఉంది. ఒక్క పూటకి నా రంగు నాకు వెయ్యి. లేకపోతే పిల్ల పెళ్ళి ఆగిపోతుంది."

మస్తానయ్య భార్య వంక చూశాడు. ఆమె, "పిల్ల ఏం చేసింది, ఎయ్యి" అని వంటింట్లోకి పోయింది. అతను అటకమీంచి రేకు పెట్టె దించి, మూత తీసి, డబ్బాలు వరసగా పెట్టాడు. రాముడిది, రావణుడిది, యముడిది, నారదుడిది. కుంచె తడిపి, ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ రంగండీ తమది?"

"నా రంగేనయ్యా. మునుపటిది."

"మునుపటిదంటే? చామనఛాయా? గోధుమా? ఎరుపా?"

"అదేమిటి, ఇన్నేళ్ళు నా దగ్గర పనిచేశావు, గుర్తులేదా?"

"తమ ముఖంలోకి చూసి మాట్లాడిన రోజు లేదు గదండీ. కాళ్ళవంకే చూసేవాణ్ణి. తమ చెప్పులు నలుపు."

కమిషనర్ గారు ఆలోచించారు. అద్దం అడగబోయి మానుకున్నారు. సోమవారాల అలవాటుగా చెయ్యి జేబులోకి పోయి షేడ్ కార్డు తీసింది. మడత విప్పి మోకాలిమీద పరిచారు. అట్టడుగు మిడ్‌నైట్ బ్లూ దగ్గర వేలు పెట్టి, ఒక్కో గడీ పైకి జరుపుతూ వచ్చారు. స్లేట్ గ్రే దాటింది. స్టీల్ గ్రే దాటింది. మాన్సూన్ క్లౌడ్ దాటింది. దాటి, కత్తెర గాట్ల అంచు మీంచి జారి, గాలిలోకి పోయి, అక్కడే వెతుకుతూ నిలబడింది.

"అక్కడ లేదండీ," అన్నాడు మస్తానయ్య, కుంచె దులుపుతూ. "తమరే కత్తిరించమన్నారు."